క్లాసులో అడిగిన ఒక్క ప్రశ్న

హోస్ట్: నమస్తే. ఈసారి హన్మకొండలో మా సార్ ఇంట్లోనే రికార్డ్ చేస్తున్నం. సార్ డిగ్రీ కాలేజీలల్ల ముప్పై ఏండ్లు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన్రు. పేరుమోసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి గురించి మాట్లాడుదామంటే బీరువాలకెళ్లి పాత నోట్‌బుక్ తీసిన్రు. ఏంది సార్ ఇది?

సార్: నా ఎమ్మెస్సీ నోట్స్ బిడ్డా. ఈ పేజీ చూడు, 'క్రామర్–రావు హద్దు' అని రాసుంది. అంచనా ఎంత ఖచ్చితంగ చెప్పొచ్చో దానికుండే గీత అన్నట్టు. ఈ హద్దు ఎందుకుంటది సార్ అని నేనడిగితే, "పరీక్షల రాదు, కూసో" అన్నరు మా లెక్చరర్. కూసున్న. ఆ సంగతి ఇప్పటికీ మనసుల ఉన్నది.

హోస్ట్: ముందు ఆయన పుట్టుక నుంచి చెప్పండి.

సార్: 1920ల, ఇప్పటి కర్ణాటకలున్న హడగళిల, తెలుగు కుటుంబంల పుట్టిన్రు. ఎనిమిదో సంతానం, అందుకే కృష్ణుని పేరు: రాధాకృష్ణ. నాయిన పోలీసు శాఖ, ఊరూరికీ బదిలీలు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల చదువు. వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ రోజూ తెల్లారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం ముట్టించి చదువుకోమనేదట. పెద్దయినంక తన పుస్తకాన్ని ఆమెకే అంకితమిచ్చి ఈ సంగతి రాసుకున్నరు. ఆంధ్రా యూనివర్సిటీల గణితం ఎమ్మే అయింది. ఉద్యోగం కోసం కలకత్తా పోతే అది దొరకలే. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కనవడ్డది. 1941ల చేరిన్రు.

హోస్ట్: ఆ హద్దు సంగతి?

సార్: ఆడికే వస్తున్న. కలకత్తా యూనివర్సిటీల పాఠం చెప్తున్నరు. శాంపిల్ చాలా పెద్దగున్నప్పుడు పనిచేసే, ఇంగ్లండ్ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ ఫలితం ఒకటి వివరిస్తుంటే, దాండేకర్ అనే విద్యార్థి లేచి, "చిన్న శాంపిల్‌కు ఇట్లాంటిది లేదా?" అన్నడు. రావు గారు ఆ రాత్రి కూసొని సాధించి, తెల్లారి క్లాసుల చూపించిన్రు. 1945ల అచ్చయింది. అప్పుడు ఆయన వయసు ఇరవై అయిదేండ్లు! స్వీడన్ల క్రామర్ 1946ల వేరుగా అదే చెప్పిన్రు, అందుకే రెండు పేర్లు.

హోస్ట్: మాలాంటోళ్లకు అర్థమయేటట్టు...

సార్: వరంగల్ల ఎనుమాముల మార్కెట్‌కు పత్తి ట్రాలీ వచ్చిందనుకో. తేమ ఎంతుందో చూడాలె, ఎక్కువుంటే ధర కోస్తరు. మొత్తం తడిమి చూడలేం గద, నాలుగు చోట్ల మిషన్ పెడుతం. చోటుకూ చోటుకూ తేడా మామూలుగా రెండు శాతం ఉందనుకో. నాలుగు చోట్ల సగటు తీస్తే ఒక శాతం అటుఇటు. పదహారు చోట్ల తీస్తే అర శాతం. తేడాలు నార్మల్ డిస్ట్రిబ్యూషన్ లెక్కనే ఉంటే, అంటే ఎక్కువ సగటు చుట్టే ఉండి దూరం పోయిన కొద్దీ తగ్గుకుంట పోతే, ఒక దిక్కు మొగ్గని, అంటే సగటున ఎక్కువనో తక్కువనో చూపియ్యని, ఏ పద్ధతి తెచ్చినా ఎవడూ ఇంతకన్న ఖచ్చితంగ చెప్పలేడు. ఎంత తెలివిగల్లోడైనా సరే! మన దగ్గరున్న సమాచారమే ఆ గీత గీస్తది, అదే ఆ హద్దు. ఎంత అందంగుంటదో చూడు.

హోస్ట్: తర్వాత కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గరే పీహెచ్‌డీ చేసిన్రు గద?

సార్: అవును, 1948ల. మళ్లొచ్చి ఇన్‌స్టిట్యూట్‌ల ముప్పై ఏండ్లకు దగ్గర పనిచేసిన్రు. రిటైరైనంక అమెరికాల ఇంకో జీవితం: పిట్స్‌బర్గ్, పెన్ స్టేట్ యూనివర్సిటీలల్ల. 2023ల అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ ప్రైజ్ ఇచ్చిన్రు, ఆ 1945 పేపర్‌ను తలుచుకుంటనే. నూటరెండేండ్ల వయసుల. అదే ఏడు ఆగస్టుల పోయిన్రు. ఆ వార్త చదివిన రోజు ఈ నోట్‌బుక్ తీసిన, మళ్ల లోపల పెట్టబుద్ధి కాలే.

హోస్ట్: మీ క్లాసుల ఎవరన్నా అట్లా అడిగిన్రా?

సార్: సర్వీసుల చివరి ఏడు, పరకాల దిక్కు నుంచి బస్సుల వచ్చే ఒక పిల్ల. "సార్, జెర ఒక దిక్కు మొగ్గినా పర్లేదంటే, ఆ గీత దాటొచ్చా?" అన్నది. వెంటనే చెప్పలేకపోయిన. రేపు చెప్త బిడ్డా అన్న. రెండు రోజులు పట్టింది. దాటొచ్చు! నిజం విలువ సున్నాకు దగ్గరున్నప్పుడు, సగటును కొంచెం సున్నా దిక్కు నొక్కితే మొత్తం తప్పు తగ్గుతది. బోర్డు మీద ఆ లెక్క సగం కూడ కాలే, ఆ పిల్ల మళ్ల చెయ్యెత్తింది.