తోలు తీయడమా, తూర్పారబట్టడమా?

ప్రయోక్త: నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాం. కావలిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే మాస్టారు ఈ రోజు మనతో ఉన్నారు. మాస్టారూ, ఇంగ్లీషు పత్రికల్లో కనిపించే ‘ఎక్స్‌కోరియేట్’ అనే క్రియను మనవాళ్లు ‘తూర్పారబట్టు’ అని అనువదిస్తుంటారు. అది సరిపోతుందంటారా?

మాస్టారు: వాడుకలో చెల్లిపోతుంది గానీ, ఆ మాట పుట్టుక చూస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. లాటిన్‌లో ‘కోరియుమ్’ అంటే తోలు, ‘ఎక్స్’ అంటే వెలుపలికి. రెండూ కలిసి ‘ఎక్స్‌కోరియారే’, అంటే తోలు ఒలవడం. 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అది ఒంటికి సంబంధించిన మాటే. ఒరుసుకునో గీరుకునో పైచర్మం లేచిపోవడాన్ని అలా అనేవారు. మాటలతో ఒకరిని చీల్చి చెండాడడమనే అర్థం 18వ శతాబ్దంలో గానీ దానికి రాలేదు.

ప్రయోక్త: పాత అర్థం పూర్తిగా పోయిందా అండీ?

మాస్టారు: లేదండీ. గజ్జితో చర్మవైద్యుడి దగ్గరకు వెళ్లి చూడండి. గోకి గోకి ముంజేతి మీద పడిన గోళ్ల గీతలను ఆయన చీటీలో ‘ఎక్స్‌కోరియేషన్’ అనే రాస్తారు. ఛాతీకి తొడిగే కవచాన్ని ‘క్విరాస్’ అనడమూ ఈ కోరియుమ్ నుంచే, మొదట్లో అది తోలుతో చేసినది కనుక. అన్నట్టు, శివుడిని కృత్తివాసుడంటాం కదా, తోలు అని అర్థమిచ్చే ఆ ‘కృత్తి’ కూడా కోయడాన్ని చెప్పే అదే ప్రాచీన ధాతువు నుంచి వచ్చిందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు.

ప్రయోక్త: మరి తూర్పారబట్టడంతో మీకు పేచీ ఎక్కడ?

మాస్టారు: యంత్రాలు రాకముందు కోవూరు వైపు కళ్లాల్లో, గాలివాలు చూసుకుని, చేటను తలకంటే ఎత్తుకు లేపి వడ్లను సన్నగా జారవిడిస్తే, తాలూ పొట్టూ పక్కకు ఎగిరిపోయి గట్టిగింజ కాళ్ల దగ్గర రాశిగా పడేది. తూర్పారబట్టేవాడికి గింజ కావాలి. తోలు ఒలిచేవాడికి అలాంటి ఉద్దేశమేదీ లేదు. మన మాటకు అసలు జోడు ‘క్యాస్టిగేట్’. లాటిన్‌లో ‘కాస్టుస్’ అంటే శుద్ధమైనది, ‘అగెరె’ అంటే నడిపించడం. దండించి దారిలో పెట్టడమనే భావం అందులో ఉంది.

ప్రయోక్త: అయితే ఎక్స్‌కోరియేట్‌కు ‘తోలు తీశారు’ అని శీర్షిక పెట్టవచ్చా? మరీ మోటుగా ఉండదూ?

మాస్టారు: ఉంటుంది, చిక్కంతా అక్కడే. ఇంగ్లీషులో అది చదువుకున్నవారి మాట. లాటిన్ ముసుగులో తోలు ఎవరికీ కనబడదు, తెలుగులో మాత్రం వెంటనే కనబడుతుంది. సంపాదకీయంలోనైతే నేను ‘తీవ్రంగా దుయ్యబట్టారు’ అని రాస్తాను. హోంవర్కు చేయని పిల్లవాణ్ణి టీచరు కోప్పడితే ఎక్స్‌కోరియేట్ అక్కర్లేదు, ‘స్కోల్డ్’ చాలు. విచారణ నివేదిక ఒక ప్రభుత్వ శాఖను నలుగురిలో కనికరం లేకుండా కడిగేసినప్పుడు ఆ మాట వాడండి.