పిల్లలకు ఆదివారం లీగ్ కావాలి
(గుంటూరులో వేసవి ఫుట్‌బాల్ శిబిరం ముగింపు సభలో ఒక విశ్రాంత పీఈటీ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, కోచ్‌లకు, ఇంత ఎండలో వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. "క్రీడల వల్ల ప్రయోజనాలు" గురించి మాట్లాడమన్నారు. అవి మీకు తెలిసినవే. నేను 2016-17 ఐ-లీగ్ గురించి, అంటే మన దేశంలోని క్లబ్బుల ఫుట్‌బాల్ పోటీ గురించి చెబుతాను. పిల్లలూ, సర్టిఫికెట్లు ఎక్కడికీ పోవు, కాసేపు వినండి.

అప్పటికే ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) అనే మరో పోటీ వచ్చినా, అధికారికంగా దేశంలో పై మెట్టు లీగ్ ఐ-లీగే. 10 జట్లు, జట్టుకు 18 మ్యాచ్‌లు. అంతకుముందు ఏడాదే మిజోరం రాజధాని క్లబ్బు ఐజ్వాల్ ఎఫ్‌సీ కింది డివిజన్‌కు పడిపోయింది. గోవా క్లబ్బులు తప్పుకుంటే మళ్ళీ పిలిచారు. ముంబై క్లబ్బు వద్దనుకున్న ఖాలిద్ జమీల్‌ను కోచ్‌గా తెచ్చుకున్నారు. ఆయన వెంట అశుతోష్ మెహతా, జయేష్ రాణే వచ్చారు. మిగతా జట్టులో చాలామంది మిజో కుర్రాళ్ళే.

2017 ఏప్రిల్ 22. ఐజ్వాల్‌లో, టైటిల్ రేసులో ఉన్న కోల్‌కతా క్లబ్బు మోహన్ బగాన్‌తో మ్యాచ్. ఎనభై నిమిషాలు దాటినా గోల్ లేదు. 83వ నిమిషంలో ఐజ్వాల్ డిఫెండర్ జోమింగ్లియానా రాల్తే తలతో కొట్టాడు. 1-0! ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో ఆఖరి మ్యాచ్. డ్రా చేసినా టైటిల్ ఐజ్వాల్‌దే. తొమ్మిదో నిమిషానికే అక్కడి జట్టు లజాంగ్ గోల్ కొట్టేసింది. అటు కోల్‌కతాలో బగాన్ తన మ్యాచ్ ఆడుతోంది. ఇటు 67వ నిమిషందాకా ఐజ్వాల్‌కు ఊపిరాడలేదు. అప్పుడు విలియం లాల్నున్‌ఫెలా సమం చేశాడు. ఐజ్వాల్‌కు 37 పాయింట్లు, బగాన్‌కు 36. ఈశాన్యం నుంచి జాతీయ లీగ్ గెలిచిన మొదటి క్లబ్బు అది.

2011 లెక్కల్లో మిజోరం రాష్ట్రమంతా కలిపి 11 లక్షల మంది. మన విజయవాడ ఒక్కటే 10 లక్షలు దాటింది. మరి వాళ్ళకెలా కుదిరింది? 2012 నుంచి వాళ్ళు సొంతంగా మిజోరం ప్రీమియర్ లీగ్ నడుపుకున్నారు. రెండేళ్ళు తిరిగేసరికి, 2014లో, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ వాళ్ళదైంది.

లీగ్ నడపాలంటే గ్రౌండ్ కావాలి. గ్రౌండ్ అంటే ఒకటి గుర్తొచ్చింది, చెప్పకుండా ఉండలేను. నేను పనిచేసిన చోట తెల్లవారుజామున సున్నంతో గీతలు వేసుకునేవాణ్ణి. ఓసారి వెళ్ళి చూస్తే మా గోల్‌పోస్టులకు షామియానా తాళ్ళు కట్టి ఉన్నాయి, పెనాల్టీ బాక్సులో వంట పొయ్యికి గుంత తవ్వారు. "ఒక్క పెళ్ళే కదా మాస్టారూ" అన్నారు. ఆ తర్వాత ప్రతి ముహూర్తానికీ పెళ్ళే. మా పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాళ్ళు. వాళ్ళను వెనక్కి పంపింది నేనే. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అమ్మా, తండ్రులారా, తొమ్మిదో తరగతి రాగానే ఆట మాన్పించేస్తున్నారు. ఫుట్‌బాల్ మనకు కొత్తది కాదమ్మా! 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టు కోచ్ రహీం సాబ్ మన హైదరాబాదీ. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌ది. ఆ పేర్లు మన పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

ఐజ్వాల్‌కూ అన్యాయం జరిగింది. ఛాంపియన్ అయ్యాక కూడా, తర్వాత పై మెట్టు లీగ్‌గా మారిన ఐఎస్ఎల్‌లోకి రానివ్వలేదు. ఐ-లీగ్ గెలిచిన జట్టు పైకెళ్ళే దారి 2023లో గానీ తెరుచుకోలేదు, అదీ పంజాబ్ జట్టుకు. గెలిచినవాడికి పై మెట్టు చూపించకపోతే కింద ఆడేవాడికి ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఏడాదికో శిబిరం పెట్టి, సర్టిఫికెట్లు పంచి, ఫొటోలు దిగితే ఆటగాళ్ళు తయారవరు. వారం వారం మ్యాచ్ ఉండాలి. ఓడినవాడికి వచ్చే ఆదివారం ఇంకో మ్యాచ్ ఉండాలి. గుంటూరు నుంచి నాలుగు జట్లు, విజయవాడ నుంచి నాలుగు. అక్కడోసారి, ఇక్కడోసారి ఆడితే జట్టుకు 14 మ్యాచ్‌లు. పెద్దలు ఆదివారం పొద్దున రెండు ఊళ్ళలోనూ ఒక్కో గ్రౌండ్ రాసివ్వండి, ఆ పూట ఏ ఫంక్షన్‌కూ ఇవ్వబోమని కూడా ఆ కాగితంలోనే రాయండి. రిఫరీగా నేనొస్తాను, నాకేమీ ఇవ్వక్కర్లేదు. జట్ల పేర్లు ఇవాళే రాసుకుందాం. సభ అయ్యాక కెప్టెన్లందరూ ఈ బల్ల దగ్గరికి రండి.