వియ్యమందాక వచ్చిన యుద్ధం

(కెమెరా: పెనుకొండ కోట గోడ)

పొత్తులు, వ్యాపారం యుద్ధాలను ఆపుతాయని అంటుంటారు. నిజమేనా? చూద్దాం. అనంతపురం నుంచి బెంగళూరు రోడ్డు పట్టుకుంటే పెనుకొండ వస్తుంది. ఇప్పుడు జిల్లా మారింది గానీ మా నోట్లో ఇంకా అనంతపురమే. 1565లో దక్కన్ సుల్తానులతో జరిగిన తళ్లికోట యుద్ధంలో విజయనగరాన్ని నడిపిన అళియ రామరాయలు పోయాక, తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీద వేసుకుని ఈ కోటకే చేరాడు.

అంతకుముందు కథ చూడండి. బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్ షా కొన్నేళ్ల ముందు రామరాయలతో కలిసి అహ్మద్‌నగర్ మీదికి పోయినవాడే! అలీకీ, అహ్మద్‌నగర్ సుల్తానుకీ తగాదా షోలాపూర్ కోట గురించి. తర్వాత అహ్మద్‌నగర్ సుల్తాను తన కూతురు చాంద్ బీబీని అలీకిచ్చి, షోలాపూర్‌ను కట్నంగా రాసిచ్చాడు. తగాదా తీరిపోయింది. తీరిన మరుక్షణం ఇద్దరి చూపూ విజయనగరం మీద పడింది. పొత్తు యుద్ధాన్ని ఆపుతుందా అంటే, ఎవరితో యుద్ధాన్ని అని తిరిగి అడగాలి మరి.

(కట్: పెనుకొండ దగ్గరి ఎర్రమంచి, కియా ఫ్యాక్టరీ గేటు)

వ్యాపారం సంగతికి వద్దాం. 2019 నుంచి ఇక్కడ కార్లు తయారుచేస్తున్న కియా దక్షిణ కొరియా కంపెనీ. ఆ దేశపు కంపెనీలే ఒకప్పుడు ఉత్తర కొరియాలోని కేసాంగ్‌లో ఫ్యాక్టరీలు నడిపాయి. 50 వేల మందికి పైగా ఉత్తర కొరియా కార్మికులు అక్కడ పనిచేసేవాళ్లు. ఆ ఫ్యాక్టరీలు నడుస్తుండగానే, 2010 నవంబర్ 23న ఉత్తర కొరియా దక్షిణ కొరియాకు చెందిన యోన్‌ప్యోంగ్ దీవి మీద ఫిరంగులు పేల్చింది. నలుగురు చనిపోయారు. ఉత్తర కొరియా చేసిన అణుపరీక్ష, రాకెట్ ప్రయోగం తర్వాత 2016లో దక్షిణ కొరియానే కేసాంగ్‌ను మూసేసింది. వ్యాపారం తగాదాను ఆపడం పోయి, తగాదానే వ్యాపారాన్ని ఆపింది.

అయినా 1953లో కొరియా యుద్ధం ఆగినప్పటి నుంచి అక్కడ పెద్ద యుద్ధం రాలేదు. నన్నడిగితే అది పొత్తు చలవే. ఆ ఏడే అమెరికా దక్షిణ కొరియాతో ఒప్పందం చేసుకుంది, దాని సైన్యం ఇప్పటికీ అక్కడే ఉంది.

(స్క్రీన్ మీద: 1914 యూరప్ మ్యాప్)

మరి 1914లో మొదటి ప్రపంచ యుద్ధం తెచ్చి కొంప ముంచింది పొత్తులే కదా? అవును. సెర్బియా మీద నువ్వేం చేసినా నీ వెనక నేనున్నానని ఆస్ట్రియాకు జర్మనీ ముందే మాటిచ్చేసింది. పగ్గం వదిలేసిందన్నమాట. కొరియాలో అమెరికా ఆ పగ్గాన్ని వదల్లేదు. దాడి జరిగితేనే ఆదుకుంటానంది. ఉత్తరం మీదికి పోదాం పదండని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ 1960లో పదవి దిగేదాకా అంటూనే ఉన్నాడు. అమెరికా కదల్లేదు.