ఐదు బుల్లి ఆర్కిడ్లు, ఐదు చీటీల మీదా ఒకే మాట: ఏడు నెలల తర్వాత నా అభిప్రాయం

నమస్కారం. ఈ గాజు పెట్టెలో మీకు కనిపిస్తున్న మినియేచర్ ఆర్కిడ్లను ఒక నర్సరీ వారు నాకు ఉచితంగా పంపించారు. నేను వారి దగ్గర డబ్బు తీసుకోలేదు, ఏం మాట్లాడబోతున్నానో వారికి ముందుగా చూపించనూ లేదు. మొక్కలను మాత్రం ఉంచుకున్నాను. ఆకుల కొలతలు, ప్యాకింగు వివరాలు మీలో చాలామంది ఇప్పటికే చూసి ఉంటారు కనుక వాటిని మళ్లీ చదవను. 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఈ టెర్రేరియంలో వాటిని ఏడు నెలలు పెంచాక తెలిసివచ్చిన సంగతులే చెబుతాను.

ముందుగా నన్ను చికాకు పెట్టిన విషయం. ఐదు మొక్కలకూ ఐదు చీటీలు కట్టారు. ప్రతి చీటీ మీదా పేరు కింద ‘టెర్రేరియానికి అనుకూలం’ అని ఒకే ముక్క రాశారు. ఉష్ణోగ్రత గురించి ఒక్క అంకె కూడా లేదు. మొక్క చిన్నదైతే పెట్టెలో పడుతుంది, నిజమే. కానీ పట్టడం వేరు, బతకడం వేరు. ఈ ఐదింటిలో ఉన్న మాస్డెవాలియా ఆండీస్ పర్వతాల మేఘారణ్యాలకు చెందిన జాతి. దానికి రాత్రివేళ చల్లదనం లేకపోతే కుదరదు. పక్కనే ఉన్న హారెల్లా తైవాన్ అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగేది, ఓ మోస్తరు వెచ్చదనం ఉంటేనే దానికి హాయి. ఈ రెండింటినీ ఒకే గాజు పెట్టెలో పెట్టమని చెప్పడమంటే, రెండింటిలో ఒకదాన్ని వదులుకోమని చెప్పడమే.

నా గదిలో పగలు 29 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు ఉంటుంది; ఎల్‌ఈడీ దీపం వెలుగుతున్నంతసేపు పెట్టె లోపల మరికొంత ఎక్కువే ఉంటుంది. రెండో నెలలో మాస్డెవాలియా ఆకులు ఎండకుండా, పండకుండా, పచ్చగా ఉండగానే మొదలు దగ్గర ఊడి నాచు మీద పడడం మొదలైంది. మూడో నెలకు ఖాళీ కాడల కుచ్చు మిగిలింది. అందులో మొక్క తప్పేమీ లేదు. మినియేచర్ ఆర్కిడ్‌ను ఎంచుకునేటప్పుడు పువ్వు ఫోటో చూడకముందే మీ గదిలో ఏడాదిలో అత్యంత వేడిగా ఉండే రాత్రి ఎన్ని డిగ్రీలు ఉంటుందో కొలిచి ఉంచుకోండి. ఆ అంకెకు తట్టుకోలేని జాతి ఎంత అందమైనదైనా పక్కన పెట్టండి. డ్రాకులా అనే ఆర్కిడ్ జాతి విషయంలో నేను ఇదివరకే దెబ్బ తిన్నాను. దానికి చల్లదనం కావాలన్నది ఒక ఇబ్బంది అయితే, దాని పూకాడ కిందికి దిగుతుందన్నది మరొకటి. కుండీలో నాటితే మొగ్గ మట్టిలోకే దూరి అక్కడే కుళ్లిపోతుంది.

ఇక నేను ఎంతసేపైనా మాట్లాడగలిగే విషయానికి వస్తాను: గాలి. 1829 ప్రాంతంలో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు చిమ్మట ప్యూపాను తడి మట్టితో ఒక సీసాలో పెట్టి మూత వేస్తే, ప్యూపా సంగతి ఎలా ఉన్నా, ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్ మొలిచింది. ఆ పరిశీలనతోనే మూసిన గాజు పెట్టెల్లో మొక్కలను పెంచే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. 1833లో అలాంటి పెట్టెల్లో మొక్కలు ఓడమీద సిడ్నీ వరకూ ప్రాణాలతో వెళ్లాయి. మూత వేసిన సీసా అంటే మనకున్న మోజు అక్కడే మొదలైందని నా అనుమానం. అయితే ఆ సీసాలో మొలిచింది నేలమీద, నీడలో, తడిలో పెరిగే ఫెర్న్. మన బుల్లి ఆర్కిడ్లలో ఎక్కువ భాగం కొమ్మల మీద, మంచు తడుపుతూ గాలి ఆరబెడుతూ ఉండే చోట పెరిగేవి. వాటి వేర్ల మీద వెలమెన్ అనే స్పంజి వంటి పొర ఉంటుంది. అది నీటిని చటుక్కున పీల్చుకుని ఆకుపచ్చగా మారుతుంది, ఆరినప్పుడు వెండి రంగుకు తిరుగుతుంది. ఎప్పుడు చూసినా పచ్చగానే ఉన్న వేరు ఎప్పుడూ ఆరడం లేదని అర్థం.

లెపాంథిస్ అనే బుల్లి ఆర్కిడ్ జాతిలో నా మొట్టమొదటి మొక్కను మూత బిగించిన జాడీలో పెట్టాను. రెండో వారానికే ఆకు నీటిలో నానిన కాగితంలా పారదర్శకమైంది, మొదలు నల్లబడింది. జాడీలో తేమకు లోటు లేదు, గాలి మాత్రం కదలలేదు. ఇప్పుడు ఈ పెట్టెలో వెనుక పై మూలన 40 మిల్లీమీటర్ల 5 వోల్టుల ఫ్యాను ఉంది. అది బయటి గాలిని లోపలికి తేదు. లోపలి గాలినే గాజు గోడకేసి కొట్టి తిప్పుతుంది కాబట్టి తేమ పోదు, ఆకుల మీద నీరు మాత్రం నిలవదు. పొద్దున నీళ్లు చల్లాక రెండు, మూడు గంటల్లో ఆకులు ఆరి, నాచు ఇంకా తడిగా ఉంటే ఫ్యాను వేగం సరిపోయినట్లు. నాచు కూడా ఆరిపోతే వేగం తగ్గించాలి. నేను సాయంత్రం నీళ్లు చల్లను, ఎందుకంటే ఆకుల మొదట్లో రాత్రంతా నిలిచే చుక్కే కుళ్లుకు దారి. నీరు కూడా వాన నీరో, ఆర్‌వో నీరో అయి ఉండాలి. ఉప్పు ఎక్కువున్న నీటితో స్ఫాగ్నమ్ నాచు ముందు చస్తుంది, దాని వెనుకే వేర్లు.

మిగిలిన నాలుగింటిలో డైనెమా పాలీబల్బన్ గురించి చెప్పవలసింది కొంచెమే: పాకుతుంది, వెలుతురు బాగా అడుగుతుంది, దీపానికి దగ్గరగా పై కొమ్మ మీద కడితే మరో గొడవ లేదు. లెపాంథిస్ టెలిపోగోనిఫ్లోరా మాత్రం ఆ జాతిలో వేడిని కొంత ఓర్చుకునే అరుదైన మొక్క. దాని నారింజ రంగు పువ్వు ఆకు కంటే పెద్దది. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఫోటోల్లో అన్ని పువ్వులూ ఒకే సైజులో కనిపిస్తాయి. ఈ సెట్టులో లేని ప్లాటిస్టెల్ జంగర్‌మానియోయిడిస్ అనే ఆర్కిడ్‌నే తీసుకోండి, దాని పువ్వు రెండున్నర మిల్లీమీటర్లు మించదు; మీరు కుర్చీలో కూర్చుని చూసే దూరంలో అది ఉన్నట్లే తెలియదు. భూతద్దంతో చూసే ఓపిక ఉన్నవారికి అది తీసుకోదగ్గదే, లేనివారు మానుకోవడం మంచిది. దీనికి పూర్తి వ్యతిరేకమైన పొరపాటునూ నేను చేశాను. బంగారు, ఎర్ర గీతల ఆకులకు మురిసి గతంలో లుడిసియా అనే జువెల్ ఆర్కిడ్ నాటితే, అది ఏడాదిలో పెట్టె నేలంతా ఆక్రమించి మూతను తాకింది.

రెస్ట్రెపియా విషయంలో నా అజ్ఞానాన్ని ఒప్పుకుంటాను. ఇదివరకటి మొక్కకు పూసిన ఆకులను పని అయిపోయిందనుకుని కత్తిరించేదాన్ని. అదే ఆకు మొదట్లో పువ్వు తర్వాత పువ్వు వస్తూనే ఉంటుందని, ముదురు ఆకు మీద పిల్ల మొక్కలు కూడా పుడతాయని అప్పుడు తెలియదు. ఈసారి కత్తెర ముట్టుకోలేదు. ఇప్పటికి ఒకే ఆకుకు నాలుగో పువ్వు.

అసలు ఈ వీడియో చేయాలనిపించింది హారెల్లా వల్ల. అరచేతిలో నాలుగోవంతు కూడా ఉండదు. తేనెటీగను తలపించే పెదవి (పువ్వులో ముందుకు ఉండే ప్రత్యేకమైన రేకు), పసుపు రేకులు, మధ్యలో ముదురు మచ్చ. పగటిపూట పెట్టె తలుపు తీస్తే నిమ్మ పరిమళం వస్తుంది. ఏడు నెలల్లో మూడుసార్లు పూసింది, కార్క్ బెరడుకు వేళ్లతో తనంతట తానే అతుక్కుంది, నేను ఊరికి వెళ్లి నాలుగు రోజులు నీళ్లు చల్లకపోయినా అలగలేదు.

కాబట్టి ఐదింటినీ కలిపి సెట్టుగా కొనమని నేను చెప్పను. నర్సరీ వారు మొక్కలను అడవి నుంచి పీకకుండా తామే పెంచామని రాశారు, వేర్లు కూడా శుభ్రంగా ఉన్నాయి, అది మెచ్చుకోవాలి. ఆర్కిడ్లన్నీ అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం పరిధిలో ఉన్నవే కాబట్టి ఆ మాట అడిగి తెలుసుకోవడం మన బాధ్యత. కానీ చీటీ మీద డిగ్రీలు రాయని సెట్టుకు నా దగ్గర మార్కులు పడవు. హారెల్లా ఒక్కటి విడిగా దొరికితే తీసుకోండి, దానికి తోడుగా ఫ్యాను కొనుక్కోండి. మాస్డెవాలియా ఖాళీ చేసిన బెరడు ముక్క మీద మొన్ననే రెస్ట్రెపియా పిల్ల మొక్కను కట్టాను. ఇదిగో, దాని మొదటి వేరు తడికి పచ్చబడింది.