మన వీధిలోని ఓటరు దగ్గరకు: అమెరికా కాంగ్రెస్ ఎన్నికల్లో ఇంటింటి ప్రచారం

నమస్కారం. అమెరికా ప్రతినిధుల సభకు పోటీ చేస్తున్న ఒక అభ్యర్థి కోసం, శనివారం ఉదయం జీతం లేకుండా వీధిలోకి దిగి ఓటర్లను కలుద్దామనుకునే తెలుగువారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. ఆ అభ్యర్థి ఏ పార్టీవారన్నది ఈ పాఠానికి అడ్డు కాదు, ఎందుకంటే తలుపు తట్టే పద్ధతి రెండు పార్టీలకూ ఒకటే. ఉదాహరణలు మాత్రం టెక్సస్ నుంచి, అందులోనూ హ్యూస్టన్‌కు నైరుతి దిక్కున తెలుగు కుటుంబాలు విస్తారంగా స్థిరపడిన ఫోర్ట్ బెండ్ కౌంటీ నుంచి తీసుకుంటాను. ఎన్నికల చట్టాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి కనుక, మీరు మరో రాష్ట్రంలో ఉన్నట్లయితే గడువులనూ నిబంధనలనూ అక్కడి ఎన్నికల కార్యాలయంలో సరిచూసుకోండి.

ముందుగా మన చేతిలో ఉన్న పని ఎంత పెద్దదో చూద్దాం. ప్రతినిధుల సభలో 435 స్థానాలున్నాయి, ఒక్కో నియోజకవర్గంలో సుమారు 7 లక్షల 60 వేల మంది ఉంటారు, రెండేళ్లకొకసారి ఎన్నిక వస్తుంది. టెలివిజన్ ప్రకటనలకు డబ్బు లేని ప్రచారం ఇంతమందిని చేరలేదు, చేరాలని ప్రయత్నించకూడదు కూడా. ఎవరిని వదిలేయాలో తేల్చుకోవడంతోనే సగం పని పూర్తవుతుంది. పెద్ద ప్రచారాలు సాధారణంగా ప్రతి ఎన్నికలోనూ ఓటు వేసేవారి ఇళ్లకే వెళ్తాయి. ఓటరుగా నమోదై ఉండి కూడా రెండు మూడు ఎన్నికలు వరుసగా తప్పించినవారి పేర్లు జాబితా వడపోతలోనే రాలిపోతాయి. పౌరసత్వం వచ్చి ఎన్నో ఏళ్లు కాని తెలుగువారు చాలామంది సరిగ్గా ఆ రాలిపోయిన పేర్లలోనే ఉంటారు. వారు ఓటు వేయరు కనుక ఎవరూ అడగరు, ఎవరూ అడగరు కనుక వారు వేయరు. చిన్న ప్రచారానికి చోటు దొరికేది అక్కడే.

ఈ దారిలో నడిచిన ప్రచారాన్ని ఒకదాన్ని చెప్తాను. 2018లో టెక్సస్ 22వ నియోజకవర్గంలో, అంటే షుగర్ ల్యాండ్, మిస్సోరీ సిటీ, పియర్‌ల్యాండ్ ప్రాంతాలున్న చోట, మాజీ దౌత్యాధికారి శ్రీ ప్రెస్టన్ కులకర్ణి డెమోక్రటిక్ పార్టీ తరఫున పోటీ చేశారు. ఆయన స్వచ్ఛంద కార్యకర్తలు పదికి పైగా భాషల్లో ఓటర్లకు ఫోన్లు చేశారు. అపరిచితులకు ఫోన్ చేసే ముందు తమ సొంత పరిచయస్తుల పేర్లు రాసుకుని వారితోనే మొదలుపెట్టడం ఆ ప్రచారానికి ప్రాణం. అంతకు ముందు, 2016లో, రిపబ్లికన్ సభ్యుడు పీట్ ఓల్సన్ అక్కడ దాదాపు 19 శాతం తేడాతో గెలిచారు. 2018 నవంబరు 6న ఆ తేడా 5 శాతం లోపుకు దిగింది. కులకర్ణి ఓడిపోయారన్న సంగతిని మాత్రం దాచకూడదు. 2020లో మళ్లీ పోటీ చేసి రిపబ్లికన్ అభ్యర్థి ట్రాయ్ నెల్స్ చేతిలోనూ ఓడిపోయారు. పైగా 2018లో టెక్సస్ అంతటా డెమోక్రాట్లకు అనుకూలంగా గాలి వీచింది, కాబట్టి తగ్గిన తేడా మొత్తాన్నీ ఫోన్ చేసినవారి ఖాతాలో వేయడం న్యాయం కాదు. భాష తెలిసిన మనిషి తలుపు తెరిపించగలడు, అంతవరకే.

అదే ఏడాది జూన్ 26న న్యూయార్క్ 14వ నియోజకవర్గపు డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే నవంబరు ఎన్నికకు పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ముందరి ఎన్నికలో, జరిగింది వేరు. పదిసార్లు గెలిచిన జో క్రౌలీని, సభలో తన పార్టీ నాయకుల్లో నాలుగో స్థానంలో ఉన్న మనిషిని, అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ ఓడించారు. అక్కడ బ్రాంక్స్‌లోని పార్క్‌చెస్టర్‌లోనూ క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌లోనూ బెంగాలీ మాట్లాడేవారు ఎక్కువ కనుక ఆమె బెంగాలీలో కూడా ఒక వీడియో చేశారు. మనం గమనించవలసింది అంకెలను. ఇద్దరికీ కలిపి పడిన ఓట్లు 30 వేల లోపే, తేడా 4 వేల పైచిలుకు. నవంబరు ఎన్నికలో 4 వేల మందిని ఇళ్ల నుంచి కదిలిస్తే సముద్రంలో చెంబెడు నీళ్లు పోసినట్టు. ప్రైమరీలో కదిలిస్తే కుర్చీ తారుమారవుతుంది. మీకు ఏడాదిలో రెండు శనివారాలు మాత్రమే తీరిక ఉంటే, వాటిని ప్రైమరీకే ఇవ్వమని నా సలహా.

ఫోను చాలదా, తలుపు దాకా ఎందుకు వెళ్లాలి అని అడిగేవారుంటారు. 1998లో కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌లో, యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యులు అలెన్ గెర్బర్, డోనల్డ్ గ్రీన్ సుమారు 30 వేల మంది ఓటర్లను విడివిడి గుంపులుగా చేసి పరీక్షించారు. మనిషి ఎదురుగా నిలబడి అడిగినప్పుడు ఓటు వేసినవారి సంఖ్య స్పష్టంగా పెరిగింది, జీతానికి పనిచేసే ఫోన్ కేంద్రాల పిలుపులు మాత్రం ఫలితమివ్వలేదు. ఎరిగిన మనిషి చేసే ఫోన్ వేరే సంగతి.

ఇక ఎవరు పనిచేయవచ్చో, ఎవరు చేయకూడదో చెప్తాను. ఇక్కడ పొరపాటు జరిగితే నష్టపోయేది అభ్యర్థి కాదు, మీరు. ఓటు హక్కు పౌరులకు మాత్రమే ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారు ఓటు వేయకూడదు గానీ విరాళం ఇవ్వవచ్చు, ప్రచారం చేయవచ్చు. హెచ్1బి వంటి వీసా మీద ఉన్నవారు ఒక్క డాలరు కూడా విరాళం ఇవ్వకూడదు, ప్రచారం ఎలా నడవాలన్న నిర్ణయాల్లో పాల్గొనకూడదు, కానీ ప్రతిఫలం తీసుకోకుండా తమ సమయాన్ని ఇవ్వవచ్చు. పౌరులు కానివారి చేతికి ఓటరు నమోదు పత్రాన్ని పొరపాటున కూడా ఇవ్వవద్దు. తెలియక సంతకం పెట్టినా అది వారి గ్రీన్ కార్డుకూ, రేపటి పౌరసత్వానికీ ముప్పు తెస్తుంది. ఒకే ఇంట్లో తండ్రి పౌరుడు, కోడలు వీసా మీద, మనవడు ఇక్కడే పుట్టినవాడు కావడం మన కుటుంబాల్లో మామూలే. అందుకని గుమ్మం దగ్గర జాబితాలో పేరున్న మనిషినే అడగండి, మిగిలినవారి హోదాను ఆరా తీయవద్దు.

ఊళ్లో ఉన్నప్పుడు బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చి పేరు రాసుకునేవారు, పోలింగుకు ముందు ఓటరు స్లిప్పు చేతికి వచ్చేది. టెక్సస్‌లో ఆ బాధ్యత పూర్తిగా ఓటరుదే. ఎన్నికకు 30 రోజుల ముందే నమోదు కావాలి, అదీ సాధారణంగా కాగితం మీద సంతకం చేసి పంపాలి. పక్కనున్న హ్యారిస్ కౌంటీలోని అపార్ట్‌మెంటు ఖాళీ చేసి ఫోర్ట్ బెండ్‌లో ఇల్లు కొనుక్కున్నవారు కొత్త కౌంటీలో మళ్లీ నమోదు చేసుకోవాలి. ఈ సంగతి తెలియక బూత్ దాకా వెళ్లి తిరిగివచ్చినవారు నాకు చాలామంది తెలుసు. ఆ పత్రాలను మీరే సేకరించాలనుకుంటే కౌంటీ దగ్గర వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్‌గా నియామకం పొందాలి, సేకరించిన పత్రాలను 5 రోజుల్లోగా అప్పగించాలి.

ఇప్పుడు వీధిలోకి వెళ్దాం. ప్రచార కార్యాలయం మీ ఫోనులోని యాప్‌లో ఒక జాబితా వేసి ఇస్తుంది. అందులో ఓటరు పేరు, వయసు, చిరునామా, ఏయే ఎన్నికల్లో ఓటు వేశారు అన్నవి ఉంటాయి. ఎవరికి వేశారన్నది ఎక్కడా ఉండదు. టెక్సస్‌లో ఓటర్లు పార్టీ సభ్యులుగా నమోదు కారు కనుక, ఏ పార్టీ ప్రైమరీలో పాల్గొన్నారన్నదే మనకు దొరికే ఆనవాలు. పేరును బట్టి తెలుగువారని ఊహించి నేరుగా తెలుగులో మొదలుపెట్టవద్దు. రావు అన్న ఇంటిపేరు కన్నడిగులకూ ఉంటుంది, రెడ్డి గారబ్బాయి హ్యూస్టన్‌లో పుట్టి ఇంగ్లిష్ తప్ప మాట్లాడకపోవచ్చు. నమస్కారం పెట్టి, ఎదుటివారు ఏ భాష అందుకుంటే ఆ భాషలో సాగండి.

తలుపు తెరవగానే మాట ఇలా ఉండవచ్చు. "నమస్కారమండీ, పక్క వీధిలో ఉంటాం మేము. కాంగ్రెస్ ఎన్నిక గురించి రెండు నిమిషాలు మాట్లాడవచ్చా? మీకు ఈ మధ్య ప్రభుత్వం వల్ల ఎదురైన ఇబ్బంది ఏమైనా ఉందా?" ఆ ప్రశ్న అడిగాక మీరు ఆగాలి. మనలో చాలామంది అక్కడే తప్పు చేస్తాం, జవాబు వచ్చేలోపే అభ్యర్థి గుణగణాలను ఏకరువు పెడతాం. ఫోర్ట్ బెండ్‌లో మొదట వినిపించేది ఆస్తి పన్ను. అది కౌంటీ, పాఠశాల జిల్లా, నీటి సదుపాయాల జిల్లా విధించే పన్ను కనుక కాంగ్రెస్ సభ్యుడు దాన్ని తగ్గించలేడు, తగ్గిస్తానని మీరు మాట ఇవ్వకూడదు. రెండోది వరద. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు బార్కర్ జలాశయం వెనుక ఉన్న ఇళ్లు మునిగాయి. ఆ జలాశయాన్ని నడిపేది కేంద్ర సైన్యపు ఇంజనీర్ల విభాగం, అంటే అది నిజంగా కాంగ్రెస్‌లో తేలవలసిన విషయం. గ్రీన్ కార్డుల నిరీక్షణ కూడా అంతే. ఓటరు కష్టం ఏ స్థాయి ప్రభుత్వానికి చెందినదో విడమరచి చెప్పగలిగితే, ఆ ఒక్క మాటకే మీ మీద నమ్మకం కుదురుతుంది.

తెలుగు గుమ్మాల దగ్గర రెండు గండాలున్నాయి. మొదటిది "ఏ ఊరండీ మీది?" అన్న ప్రశ్న. దానికి జవాబు చెప్పక తప్పదు, చెప్తే మంచిదే. కానీ ఆ వెంటే అమరావతి, హైదరాబాదు రాజకీయాల ప్రస్తావన వచ్చిందంటే ఇరవై నిమిషాలు అక్కడే గడిచిపోతాయి. పైగా అక్కడి పార్టీల పట్టింపులు ఇక్కడి అభ్యర్థికి అంటుకుంటాయి. "అది తీరిగ్గా కాఫీ తాగుతూ మాట్లాడుకుందామండీ" అని నవ్వి బయటపడండి. రెండో గండం మన మర్యాద. యాప్‌లో ప్రతి ఓటరుకూ 1 నుంచి 5 వరకు ఒక అంకె వేయాలి, గట్టి మద్దతుదారుకు 1, గట్టి వ్యతిరేకికి 5. అమెరికన్ ఓటరు ఇష్టం లేకపోతే ఇష్టం లేదంటాడు. మనవాళ్లు "తప్పకుండానండీ, మీరు ఇంత దూరం వచ్చి చెప్పాక వేయమా?" అంటారు. అది మీకు చేసిన మర్యాద, అభ్యర్థికి ఇచ్చిన మాట కాదు. కొత్త కార్యకర్తలు ఇలాంటివారందరికీ 1 వేసుకుని సాయంత్రం సంబరపడతారు. నేనూ ఒక సీజనంతా అలాగే వేశాను. ఇప్పుడు "ఏ రోజు వెళ్తారు, ఆఫీసుకు ముందా తరవాతా, ఇంట్లో ఇంకెవరైనా వస్తారా?" అని అడుగుతాను. రోజూ వేళా చెప్పినవారికి 1, "చూద్దాం లెండి" అన్నవారికి 3.

పగటిపూట తలుపు తీసేవారు తరచుగా పెద్దవాళ్లే. పిల్లల దగ్గర ఉంటూ పౌరసత్వం తీసుకున్న తల్లిదండ్రులు, జాబితాలో పేరుండి ఎప్పుడూ ఓటు వేయనివారు. "బాబాయిగారూ, మీకు ఇక్కడ ఓటుంది తెలుసా?" అంటే ఆశ్చర్యపోయినవారున్నారు. 65 ఏళ్లు నిండినవారు టెక్సస్‌లో తపాలా ద్వారా ఓటు వేయవచ్చు, అయితే దరఖాస్తు మీదా కవరు మీదా గుర్తింపు సంఖ్య రాయాలి. ఆ నిబంధన కొత్తగా వచ్చిన 2022 మార్చి ప్రైమరీలో వేలాది ఓట్లు చెల్లకుండా పోయాయి. దరఖాస్తు ఎలా నింపాలో చెప్పండి, కానీ నింపిన ఓటు కవరును పోస్టులో వేయమని ఇస్తే మాత్రం తీసుకోవద్దు, ఇంట్లోవారికి ఇవ్వమనండి. బూత్‌కు వెళ్తానంటే, ఇంగ్లిష్ చదవలేని ఓటరుకు తాను ఎంచుకున్న మనిషి సాయం తెచ్చుకునే హక్కు కేంద్ర చట్టం ఇస్తుంది. ఆ మనిషి ఓటరు యజమానిగానీ, యజమాని ఏజెంటుగానీ, కార్మిక సంఘ ప్రతినిధిగానీ కాకూడదు. కోడలు వెంట వెళ్లవచ్చన్నమాట.

చేయకూడనివి కొన్ని చెప్పి ముందుకు వెళ్తాను. కరపత్రాన్ని ఉత్తరాల పెట్టెలో వేయకూడదు, స్టాంపు లేని కాగితం అందులో పెట్టడం కేంద్ర చట్టానికి విరుద్ధం. తలుపు సందులో పెట్టండి. ఆలయాలూ, 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలుగా, నమోదైన తెలుగు సంఘాలూ ఏ అభ్యర్థి తరఫునా ప్రచారం చేయకూడదు. అందువల్ల ఉగాది వేడుక వేదిక మీద అభ్యర్థికి ఓటు అడగడం, సంఘం వాట్సాప్ గ్రూపులో కరపత్రం పెట్టడం రెండూ మానండి. పార్టీ ఊసు లేకుండా ఓటరు నమోదు బల్ల పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు. బూత్‌కు 100 అడుగుల లోపు ప్రచారం పనికిరాదు.

టెక్సస్‌లో ముందస్తు ఓటింగు సాధారణంగా ఎన్నికకు సుమారు రెండు వారాల ముందు మొదలై 4 రోజుల ముందు ముగుస్తుంది, ఆ రోజుల్లో కౌంటీలోని ఏ ముందస్తు కేంద్రంలోనైనా ఓటు వేయవచ్చు. ఎవరెవరు ఓటు వేశారో కౌంటీ రోజూ ప్రకటిస్తుంది గనుక మీ జాబితా రోజురోజుకూ చిన్నదవుతుంది. మీరు 1 వేసినవారిలో మంగళవారం వెళ్తానన్న మనిషి పేరు బుధవారం కూడా మిగిలి ఉంటే, ఆ సాయంత్రం ఫోన్ చేయవలసింది మీరే, కార్యాలయంలోని మరొకరు కాదు. "ఏమండీ, నిన్న కుదరలేదా? శుక్రవారం నేను అటే వెళ్తున్నాను, డ్రైవింగ్ లైసెన్సు పెట్టుకుని సిద్ధంగా ఉంటే మిమ్మల్నీ తీసుకెళ్తాను" అనండి. ఫోను పెట్టేయగానే యాప్ తెరిచి, శుక్రవారం అని నమోదు చేసి, తరవాతి పేరుకు వెళ్లండి.