మనుషుల్లేరని పేషెంటుని కట్టేయొచ్చా?

యాంకర్: ఉప్పల్ నుంచి ఒక సిస్టర్ లైన్లో ఉన్నారు. పేరు, హాస్పిటల్ పేరు చెప్పొద్దమ్మా, విషయం చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. సైకియాట్రీ వార్డులో స్టాఫ్ నర్సుని, నైట్ డ్యూటీలో ఇద్దరమే ఉంటాం. ఒక అబ్బాయి రాత్రంతా వార్డులో తిరుగుతూనే ఉంటాడు, ఎవర్నీ ఏమీ అనడు. మా సీనియరేమో "మనుషుల్లేరు, మంచానికి కట్టెయ్, పొద్దున డాక్టర్ గారొచ్చేలోపు విప్పేద్దాం" అన్నారు. నేను కట్టలేదు. అప్పట్నుంచి ఆవిడ నాతో మాట్లాడట్లేదు.

మేడమ్: మంచి పని చేశావు తల్లీ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 97వ సెక్షన్ చూడు, సిబ్బంది తక్కువున్నారని కట్టకూడదని అందులోనే ఉంది, శిక్షగా అసలే కట్టకూడదు. అప్పటికప్పుడు తనకో పక్కవాళ్లకో ప్రమాదం జరగబోతోంది, ఆపడానికి ఇంకో దారి లేదు అన్నప్పుడే కట్టాలి, అదీ చూస్తున్న సైకియాట్రిస్టు అనుమతితో. ఎందుకు కట్టారు, ఎలా కట్టారు, ఎంతసేపు ఉంచారు, అన్నీ కేస్ షీట్‌లో రాయాలి, పేషెంటు తరఫు ప్రతినిధికి 24 గంటల్లోపు చెప్పాలి. డాక్టర్ వచ్చేలోపు విప్పేద్దాం అంటున్నారంటే రాసే ఉద్దేశమే లేదన్నమాట. గొలుసులైతే పూర్తిగా నిషేధం. 2001లో తమిళనాడు ఎర్వాడిలో మానసిక రోగులుండే ఆశ్రమానికి మంటలంటుకుంటే 28 మంది చనిపోయారు, గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేకపోయారు.

కాలర్: మరి ఆ అబ్బాయిని ఏం చేయాలి మేడమ్?

మేడమ్: ముందు ఎందుకు తిరుగుతున్నావని అడిగావా? భ్రమలూ అనుమానాలూ తగ్గించడానికిచ్చే కొన్ని యాంటీసైకోటిక్ మందులకి కాళ్లు ఒకచోట నిలవవు, కూర్చుంటే లోపల పీకేసినట్టుంటుంది, దాన్ని అకథీసియా అంటారు. బయటికి పిచ్చి ముదిరినట్టే కనిపిస్తుంది, మనవాళ్లు ఇంకాస్త మందు పెంచమంటారు, అది ఇంకా ఎక్కువవుతుంది! అందుకే రాత్రైనా సరే డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చెయ్. లైట్లు తగ్గించు, మరీ దగ్గరికెళ్లకుండా పక్కన నిలబడి చిన్న మాటల్లో మాట్లాడు, మంచినీళ్లు కావాలా, బాత్రూమ్‌కి వెళ్లాలా అని అడుగు, తిరగనివ్వు. ఇద్దరే ఉన్నామన్న సంగతి రిపోర్టు బుక్‌లో ప్రతి రాత్రీ రాయి, నోటితో చెప్తే ఎవరికీ గుర్తుండదు. మీ సీనియర్‌ని మాత్రం రాక్షసిని చేయకు, ఇన్నేళ్లు నైట్లు చేసి అలసిపోయి ఉంటుంది, పగటిపూట టీ తాగుతూ మాట్లాడు.

యాంకర్: కూకట్‌పల్లి నుంచి ఇంకొకరు.

కాలర్: మావాడు మాత్రలు మింగట్లేదమ్మా, పప్పులో కలిపెయ్ అంటోంది మా ఆడపడుచు.

మేడమ్: వద్దమ్మా. కొన్ని మాత్రలు పొడి చేయకూడదు, అదొకటి. అసలే అనుమానంతో ఉన్న పిల్లాడికి కలిపారని తెలిస్తే ఇంట్లో అన్నమే ముట్టడు, మీ మీద నమ్మకం పోతుంది. ఎందుకు మింగట్లేదో కనుక్కోండి, లావవుతున్నానంటాడేమో, పొద్దున లేవలేకపోతున్నానంటాడేమో. అదే మాట డాక్టర్‌కి చెప్పండి, డోసు మారుస్తారు, లేకపోతే వారాల తరబడి పనిచేసే ఇంజెక్షన్లున్నాయి, అవి వాడికి చెప్పే ఇస్తారు.

కాలర్: అడిగితే "నన్ను ఎర్రగడ్డకి పంపుతావా" అని అరుస్తాడమ్మా.

మేడమ్: ఊళ్లో ఆ మానసిక ఆసుపత్రి పేరుని తిట్టులా వాడి మనమే భయపెట్టాం కదా! ఈలోపు టెన్షన్‌గా ఉంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేమీ అక్కర్లేదు.

కాలర్: తెలుగులో మాట్లాడతారా?

మేడమ్: మాట్లాడతారు, రాత్రిపూటైనా చేయొచ్చు.