నల్లా దగ్గర తోపులాట

శ్రోతలకు నమస్కారం.

ఇంకో వారంలో బడులు తెరుస్తున్నారు. మన రాష్ట్రంలో మామూలుగా జూన్ 12న మొదటి బెల్లు మోగుతుంది. ఆ రోజు వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి, ఇట్లా మన చుట్టుపక్కల జిల్లాల్లో ఎంతోమంది పిల్లలు ఐదో తరగతి దాటి ఆరో తరగతిలో కూర్చుంటారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. పదకొండేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వయసు. మాట వినరు, ఎదురు మాట్లాడతారు, ఒక్క దగ్గర కుదురుగా కూర్చోరు అని బళ్లోనూ ఇంట్లోనూ ఎక్కువ మాటలు పడేది ఈ వయసు పిల్లలే. వాళ్ల క్రమశిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

ముందు వాళ్ల వైపు నుంచి చూద్దాం. ఐదో తరగతి వరకు సొంత ఊళ్లో బడి. తండా బడి అయితే ఒకరో ఇద్దరో సార్లు. ఏ సారుకు ఎప్పుడు కోపం వస్తుందో, ఎప్పుడు నవ్వుతారో పిల్లలకు కంఠస్థం. అదే పిల్ల ఆరో తరగతికి పక్కూరి జిల్లా పరిషత్ హైస్కూలుకు వస్తుంది. బెల్లు కొట్టినప్పుడల్లా కొత్త మనిషి లోపలికి వస్తారు. తెలుగు సారు, హిందీ మేడం, ఇంగ్లిష్ సారు, లెక్కల మేడం, సైన్సు, సోషల్. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఒకరు లోపలికి రాగానే లేచి నిలబడాలి. ఇంకొకరికి ఆ లేవడంతోటే టైం పోతోందని విసుగు. ఒకరి పీరియడ్‌లో పక్కపిల్లను అడిగి రాసుకోవచ్చు. మరొకరి పీరియడ్‌లో అదే పని చేస్తే ముచ్చట్లు పెట్టినట్టు. నీళ్లు తాగడానికి పోవాలంటే ఒకరిని అడగాలి, ఒకరిని అడిగితే తప్పు. ఇవేవీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. తిట్లు తింటూ తిట్లు తింటూ నేర్చుకోవాల్సిందే. దీనికి మనం పెట్టిన పేరు అల్లరి. ఇన్నేళ్లుగా హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతూ నేను చూసింది ఏమిటంటే, జూన్, జూలై నెలల్లో అల్లరి అని మనం అనేదాంట్లో చాలావరకు అయోమయమే.

"క్రమశిక్షణతో మెలగండి" అని ప్రార్థన దగ్గర మైకులో చెబుతాం. పిల్లలు తలూపుతారు. కానీ క్రమశిక్షణతో ఉండడం అంటే ఏం చెయ్యాలి? ఎక్కడ నిలబడాలి, ఎటు నడవాలి, ఎవరికి ముందు దారి ఇవ్వాలి? కాళ్లతో చేతులతో చేసే పనిగా చెప్పాలి. చెప్పాలి, చేసి చూపించాలి, వాళ్లతో చేయించాలి. ఈ మూడూ జరిగిన తర్వాత కదా, చేయలేదని అడిగే హక్కు మనకు వచ్చేది.

నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి చెబుతాను. కొంచెం వివరంగానే చెబుతాను, ఓపిగ్గా వినండి.

నర్సంపేట దిక్కు ఒక ఊళ్లో హైస్కూలు. నేను అక్కడ పనిచేసిన రోజుల్లో జరిగింది. మధ్యాహ్న భోజనం అయ్యాక ప్లేట్లు కడుక్కునే నల్లాలు గోడ పొడవునా ఉండేవి. ట్యాంకుకు దగ్గరి నల్లాల్లో నీళ్లు జోరుగా వచ్చేవి. చివరి వాటిలో సన్నటి ధార. మిగిలిన అన్నం వేసే బకెట్ మాత్రం ఆ చివర ఉండేది. అంటే ప్రతి పిల్లా ముందు ఆ చివరికి పోయి, మెతుకులు బకెట్లో దులిపి, మళ్లీ వెనక్కి తిరిగి నీళ్లు బాగా వచ్చే నల్లా దగ్గరికి రావాలి. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఎదురెదురు. ఏడో తరగతి మగపిల్లలు మోచేతులతో తోసుకుంటూ మధ్యలో దూరేవాళ్లు. ఆరో తరగతి ఆడపిల్లల యూనిఫాం మీద సాంబారు పడేది. రోజూ ఎవరో ఒకరు తడిసిన బట్టలతో ఏడ్చుకుంటూ స్టాఫ్‌రూం గడప దగ్గర నిలబడేవాళ్లు.

డ్యూటీ సారు కట్టె పట్టుకుని అక్కడే నిలబడేవారు. ఆయన ఉన్నంతసేపు వరుస చక్కగా ఉండేది. ఆయనకు ఫోన్ వచ్చి అటు తిరిగారంటే మళ్లీ అదే లొల్లి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

మా లెక్కల మేడం ఒకరోజు భోజనం బెల్లుకు ముందు పీరియడ్‌లో ఏడో తరగతిని నల్లాల దగ్గరికి తీసుకుపోయింది. అప్పుడక్కడ ఎవరూ లేరు. "ఇక్కడ రోజూ ఏమైతున్నదో మీరే చెప్పుండ్రి" అంది. ఇంకేముంది, ఒకరి మీద ఒకరు మొదలుపెట్టారు. "వాడే తోస్తడు మేడం." "లేదు మేడం, గాళ్లే ముంగట దూరుతరు." మేడం చెయ్యి అడ్డం పెట్టింది. "పేర్లు వద్దు. నీళ్లు ఎక్కడొస్తున్నయి, బకెట్ ఎక్కడుంది, మనం ఎటు నుంచి ఎటు నడుస్తున్నం, గది చెప్పుండ్రి" అంది. ఒకమ్మాయిని ప్లేటు కడగమని, మిగతావాళ్లను ఒకటి, రెండు అని పైకి లెక్కబెట్టమంది. లెక్కల మేడం కదా! ఎంతమంది ఉన్నారు, నీళ్లు బాగా వచ్చే నల్లాలు ఎన్ని, అందరి ప్లేట్లు కడగడానికి ఎంతసేపు పడుతుంది, అక్కడికక్కడే నేల మీద లెక్క వేయించింది. తోసుకోకపోయినా అందరికీ అయ్యేంత టైం ఉందని పిల్లలకు వాళ్ల లెక్కతోనే తేలింది.

అప్పుడు క్లాసులో ఎప్పుడూ నోరు తెరవని ఒక పిల్ల, "మేడం, బకెట్ ఇటు పెడితే మళ్ల ఎనకకు మర్లి వచ్చుడు ఉండది" అంది. అంత చిన్న మాట. ఆ రోజే బకెట్ ఇటు వచ్చింది. వరుస ఎక్కడ మొదలవ్వాలో, కడుక్కున్నవాళ్లు ఎటు నుంచి బయటికి పోవాలో సున్నంతో గీత గీశారు. ఆ గీత మీద మేడం ఖాళీ ప్లేట్లతో అందరినీ నడిపించింది. ఏడో తరగతి పిల్లలు కదా, ఖాళీ ప్లేట్లు పట్టుకుని నడవడం వాళ్లకు నవ్వు తెప్పించింది. నవ్వనిచ్చింది. మళ్లీ ఒకసారి నడిపించింది.

తోపులాట చాలా తగ్గింది. పూర్తిగా మాత్రం పోలేదు. ఒక పిల్లగాడు మాత్రం అప్పటికీ తోసుకునే పోతున్నాడు. ఒకరోజు వాడు తోస్తే ఆరో తరగతి చిన్నవాడి ప్లేటు మట్టిలో పడింది. ఆ పిల్లవాడు ఇంకా తినడం కూడా పూర్తి చేయలేదు. మేడం అక్కడ కేక వేయలేదు. ఆ చిన్నవాడికి వేరే ప్లేటులో అన్నం పెట్టించింది. సాయంత్రం బెల్లు అయ్యాక ఈ పిల్లగాణ్ని వరండా చివరికి పిలిచింది. అక్కడ వాళ్లిద్దరే. నేను కొంచెం దూరంలో రిజిస్టరు రాసుకుంటున్నాను. వాడు తల ఎత్తడం లేదు. కాలి బొటనవేలితో బండ మీద గీస్తున్నాడు.

"ఏమైంది?" అంది. మాట లేదు. మేడం ఊరుకుంది. మనమైతే ఆ ఖాళీని వెంటనే తిట్లతో నింపేస్తాం. ఆమె ఊరికే నిలబడింది. కాసేపటికి, "మొదటి నుంచి చెప్పు. తొందరేం లేదు" అంది.

అప్పుడు వాడన్నాడు, "మేడం, ముందుగాల గ్రౌండ్‌కు పోయినోనికే బ్యాటింగ్ వస్తది."

అదీ అసలు సంగతి! భోజనం తర్వాత మిగిలే కాస్త టైంలో క్రికెట్. ముందు ఎవరు చేరితే వాళ్లది బ్యాటు. నల్లా దగ్గర తోపులాటకు వేరు గ్రౌండ్‌లో ఉంది. కట్టెతో అది తెలిసేది కాదు. అడిగి, ఆగి, విన్నందుకు తెలిసింది.

మేడం అంతటితో వదల్లేదు. ఇది ముఖ్యం. కారణం తెలిసింది కాబట్టి తప్పు పోయినట్టు కాదు. "చిన్నోని అన్నం మట్టి పాలైంది. ఇప్పుడు నువ్వేం చేస్తవు?" అని అడిగింది. "సారీ చెప్త మేడం." "ఇంకా?" వాడు ఆలోచించాడు. "ప్లేటు నేనే కడిగిస్త." "వాడు నల్లా దగ్గరికి రానీకే భయపడుతున్నడు. రేపటి నుంచి వరుసల వాని ఎనక నువ్వు నిలబడు. ఎవ్వలూ తోయకుంట చూసుకో" అంది. వాడు ఆ మాట నిలబెట్టుకున్నాడు. నేను చూశాను. ఇక బ్యాటింగ్ సంగతి: భోజనం బెల్లుకు ముందే క్లాసులో చీటీలు తీసి వరుస రాసుకునేటట్టు చేసింది. ఆ తర్వాత నల్లా దగ్గర ఎంత తొందరపడినా వచ్చేదేం లేదు కాబట్టి ఎవరూ తొందరపడలేదు.

ఇదంతా విని "ఇట్లా మెత్తగా ఉంటే పిల్లలు నెత్తికెక్కుతారు" అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. రెండు దెబ్బలు తినడం ఆ పిల్లగాడికి చాలా సులువైన పని. చెయ్యి దులుపుకుని పోతాడు, లెక్క సరి. తాను ఏడిపించిన పిల్లవాడి ముఖం చూస్తూ సారీ చెప్పడం, వారం పొడుగునా వాడి వెనక కాపలా నిలబడడం, అది బరువైన పని. మేడం ఆ బరువు తగ్గించలేదు. నలుగురిలో నవ్వులపాలు మాత్రం చేయలేదు. ఈ వయసు పిల్లలకు దెబ్బ కంటే తోటివాళ్ల ముందు పరువు పోవడం ఎక్కువ నొప్పి. అట్లా పరువు తీసిన సారు చెప్పే పాఠం ఆ పిల్లల చెవికి ఎక్కదు.

చట్టం సంగతీ రెండు ముక్కల్లో చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే విద్యా నిబంధనలు సవరించి బడుల్లో కొట్టడాన్ని నిషేధించారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. కులం పేరు ఎత్తి, తల్లిదండ్రుల పని ఎత్తి, రూపం ఎత్తి పిల్లను కించపరచడం కూడా వేధింపే. గీత దాటిన శిక్ష ఎక్కడైనా కంటబడితే, పిల్లల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 1098. ఏ ఫోన్ నుంచైనా డబ్బులు లేకుండా చేయవచ్చు.

రోజూ పొద్దున మన బడుల్లో పిల్లలు చెయ్యి చాచి చెప్పే ప్రతిజ్ఞ ఉంది కదా. దాన్ని 1962లో తెలుగులో రాసింది మన నల్లగొండ జిల్లా అన్నెపర్తి ఊరి మనిషి పైడిమర్రి వెంకట సుబ్బారావు. అందులో తల్లిదండ్రుల్ని, ఉపాధ్యాయుల్ని, పెద్దల్ని గౌరవిస్తానన్న మాట అందరికీ గుర్తుంటుంది. దాని వెంటనే ప్రతివారితోనూ మర్యాదగా నడచుకుంటానన్న మాట ఉంది. ప్రార్థన వరుసలో పిల్లలతో పాటు సార్లూ మేడంలూ అదే మాట చెబుతున్నారు. పిల్లలతో మర్యాదగా మాట్లాడడం ఆ మాటలో భాగమేనని నేను నమ్ముతాను.

ఇంకో సంగతి, మన ప్రాంతానిది. దసరా దాటితే పత్తి ఏరుడు. సంక్రాంతి దాటితే మిర్చి ఏరుడు. ఆ రోజుల్లో ఏడో తరగతి పిల్ల తల్లి వెంట చేనుకు పోతుంది, లేదా తమ్ముణ్ని చూసుకుంటూ ఇంట్లో ఉంటుంది. మర్నాడు హోంవర్క్ లేకుండా, కళ్లు మూతలు పడుతూ బడికి వస్తుంది. "ఎందుకు రాయలేదు" అన్న ప్రశ్నే రెండు గొంతుల్లో అడగవచ్చు. జవాబు కావాలనుకుని అడిగితే పిల్ల చెబుతుంది. ఆ జవాబు విన్నాక తల్లిదండ్రులతో మాట్లాడాల్సిన అవసరం ఉందో, పిల్లకు ఒకరోజు గడువు ఇస్తే సరిపోతుందో మనకు తెలుస్తుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఎంతోమంది తండ్రులు బడికి వచ్చి, "కొట్టుండ్రి సార్, మేమేమీ అనం" అంటారు. పిల్లవాడు బాగుపడాలన్న ప్రేమతోనే అంటారని నాకు తెలుసు. ఆ మాట మాత్రం పిల్లవాడు వింటుండగా అనకండి. తన తరఫున ఎవరూ లేరని వాడికి అర్థమవుతుంది. బడి నుంచి ఫిర్యాదు వచ్చిందనుకోండి. ఆ సాయంత్రం చెయ్యి ఎత్తకముందు, గొంతు పెంచకముందు, "ఏమైంది బిడ్డా, మొదటి నుంచి చెప్పు" అని అడగండి. అడిగి చివరిదాకా వినండి. మధ్యలో అందుకోకండి. ఆ తర్వాత మర్నాడు బడికి పోయి సారు చెప్పేదీ వినండి. రెండూ విన్నాకే ఏం చేయాలో తేల్చండి. తప్పు మీ పిల్లవాడిదే అయితే, చెడినదాన్ని వాడితోనే సరిచేయించండి. పుస్తకం చింపితే అట్ట వేసి ఇవ్వాలి. బెంచీ మీద గీస్తే తుడవాలి. ఒకరిని తిడితే వాళ్ల దగ్గరికే పోయి మాట్లాడాలి.

ఇక నా తోటి ఉపాధ్యాయులకు. బడి తెరిచిన మొదటి వారంలో ఎట్లాగూ స్టాఫ్ మీటింగ్ ఉంటుంది. పుస్తకాల పంపకం, యూనిఫాం, బడిబాట లెక్కలు, ఊపిరి సలపని పని ఉంటుంది, నాకు తెలుసు. అయినా ఆరో తరగతికి పాఠం చెప్పేవాళ్లంతా ఒక పది నిమిషాలు విడిగా కూర్చోండి. క్లాసులోకి సారు వచ్చినప్పుడు ఏం చెయ్యాలి, నీళ్లకూ మూత్రానికీ ఎట్లా అడగాలి, పక్కవాళ్లతో ఎప్పుడు మాట్లాడవచ్చు, ఆలస్యంగా వస్తే ఎక్కడ నిలబడాలి. ఈ నాలుగు సంగతుల్లో అందరిదీ ఒకే మాట అయ్యేటట్టు చూసుకోండి. మొదటి రోజు క్లాస్ టీచర్ వాటిని పిల్లలకు చెప్పి, చేసి చూపించి, వాళ్లతో చేయించండి. రెండో రోజు మళ్లీ చేయించండి. దసరా సెలవుల తర్వాత పిల్లలు తిరిగి వచ్చినప్పుడు ఇంకోసారి చేయించండి, ఎందుకంటే అప్పటికి సగం మరిచిపోయి ఉంటారు.

సెలవు. నమస్కారం.